పిల్లల కంట ఎన్నికలు
(రేడియో ప్రసంగ పాఠం)

ఎన్నికల కాలంలో ఊరిలోనికి ప్రచారపు బండి వచ్చినప్పుడు దానికి మొట్టమొదట ఎదురేగేవారు ఓటర్లు కారు, పిల్లలు. అనంతపురం సీమలో ఈ దృశ్యం చూడనివారుండరు. ఎర్రని దుమ్ము లేపుకొంటూ జీపు వస్తుంది. మైకులో ఎవరో ఏదో చెప్పుతూంటారు. వేరుసెనగ చేలలో పని చేసుకొంటున్న పెద్దలు ఒక్కసారి తల ఎత్తి చూచి మళ్ళీ పనిలో పడతారు. పిల్లలు మాత్రం చేతిలోని పని వదలి, పలక వదలి, ఆట వదలి బండి వెంట పరుగెత్తుతారు. కరపత్రాలు ఏరుకొంటారు, చొక్కాలకు బిళ్ళలు తగిలించుకొంటారు. బండి ఊరు దాటిపోయిన తరువాత ఆ నినాదాలను చీకటి పడేవరకు వారే వల్లె వేస్తూంటారు.

ఎన్నికల చరిత్ర వ్రాసేవారు ఓట్లను లెక్కిస్తారు. ఓటు లేనివారిని లెక్కించరు. కాని నేటి ఓటరు నిన్నటి పిల్లవాడే గదా! ఓటు అనగానే అతని మనసులో మెదిలే మొదటి బొమ్మ ఏ వయసులో పడినది? ఎవరు వేసినారు? ఈ ప్రశ్నకు మన అనంతపురం ప్రాంతపు ఎన్నికల చరిత్రలోనే కొంత సమాధానమున్నది. దానిని శ్రోతలతోను, పాఠకులతోను పంచుకోవడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మన తాతల కాలంలో ఓటు అందరి సొత్తు కాదు. ఆస్తి గలవారికి, పన్ను కట్టేవారికి, కొంత చదువుకొన్నవారికి మాత్రమే అది లభించేది. 1935 నాటి చట్టం క్రింద 1937లో మద్రాసు రాజధానిలో ఎన్నికలు జరిగినప్పుడు కూడ పరిస్థితి ఇంతే. అప్పుడు చదువురానివారి సౌకర్యం కోసం ఓటు పెట్టెలకు రంగులు కేటాయించినారు. కాంగ్రెసువారిది పసుపుపచ్చని పెట్టె. అక్షరం రానివానికి రంగు చూపించి దారి చెప్పవలెనన్న ఆలోచన అప్పటికే మొదలైనదన్నమాట.

స్వతంత్ర భారత రాజ్యాంగం, దాని 326వ అధికరణం, ఇరువదియొక్క సంవత్సరాలు నిండిన ప్రతి పౌరునికి, ప్రతి పౌరురాలికి ఓటు హక్కు ఇచ్చినవి. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు 25న ప్రారంభమై 1952 ఫిబ్రవరి 21న ముగిసినవి. ఓటర్ల సంఖ్య 17 కోట్లకు పైబడినది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది మాత్రమే. అక్షరం రాని ఈ మహాజన సముద్రం చేత ఓట్లు వేయించడమెట్లు? మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నాయకత్వాన దీనికొక మార్గం కనిపెట్టినారు. ప్రతి అభ్యర్థికి ఒక పెట్టె, పెట్టె మీద ఒక గుర్తు. ఓటరు తన చీటీని తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో వేసి రావడమే. కాంగ్రెసుకు కాడి కట్టిన జోడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె, సోషలిస్టులకు చెట్టు. అన్నియు పల్లెవాని కంటికి నిత్యం కనబడే వస్తువులే.

ఇక్కడ ఒక విచిత్రం జరిగినది. చదువురాని పెద్దల కోసం చేసిన ఏర్పాటు చదువింకా రాని పిల్లలకు కూడ సరిగ్గా సరిపోయినది. ఎద్దును గుర్తు పట్టడానికి ఎద్దును చూచి ఉంటే చాలును. నాలుగేండ్ల పిల్లవాడు గోడమీది జోడెద్దులను చూపి పేరు చెప్పగలడు. గుడిసె బొమ్మ చూచి 'ఇది మా ఇల్లు' అనగలడు. ఓనమాలు దిద్దక ముందే అతడు చదివిన మొదటి వ్రాత ఎన్నికల గోడవ్రాత.

కాని చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. పిల్లవాడు బొమ్మను బొమ్మగానే చూస్తాడు. జోడెద్దులకు ఓటు వేయమంటే ఆ ఎద్దులకే మేలు జరుగుతుందనుకొంటాడు. తన ఇంటి కొట్టంలోని ఎద్దులకూ గోడమీది ఎద్దులకూ చుట్టరికం కలుపుతాడు. గుర్తు వెనుక పార్టీ ఉన్నదని, పార్టీ వెనుక ఒక విధానమున్నదని, విధానం వెనుక శాసనసభ ఉన్నదని అతనికి తెలియడానికి ఇంకా ఎన్నో ఏండ్లు పట్టుతుంది. కొందరికి పెద్దయిన తరువాత కూడ బొమ్మ దగ్గరనే చూపు ఆగిపోతుందంటే, ఆ తప్పు కేవలం వారిది కాదు.

1952లో అనంతపురం శాసనసభా నియోజకవర్గంలో జరిగిన పోటీ ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధికెక్కినది. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయన అప్పటికే మద్రాసు రాష్ట్రంలో మంత్రిపదవి నిర్వహించినవారు. ఆయనకు ఎదురు నిలిచిన కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ నాగిరెడ్డికి తోబుట్టువు. అంటే పోటీ బావకూ బావమరిదికీ మధ్య! పైగా నాగిరెడ్డి అప్పుడు నిర్బంధంలో ఉన్నారు. జైలులో ఉన్నవాడు గెలిచినాడు, మంత్రిగా ఉండివచ్చినవాడు ఓడినాడు.

ఈ వార్తను ఆ రోజులలో ఇంట్లో విన్న పిల్లవాని స్థితి ఒక్కసారి ఊహించుకొనండి. జైలులో ఉండేది దొంగలని అతనికి ఎవరో చెప్పి ఉంటారు. మరి జైలులో ఉన్నాయనకు ఇంతమంది ఓటు ఎందుకు వేసినారు? బావ, బావమరిది ఎన్నికలలో తలపడితే పండుగకు పుట్టింటి ఆడపడుచు వస్తుందా, రాదా? పెద్దలకు ఇది రాజకీయం, పిల్లలకు ఇది కుటుంబం. పిల్లవాని ప్రశ్నే నిజానికి లోతైనది. ఓటులో విరోధించినవారు జీవితంలో కూడ విరోధులేనా? ప్రజాస్వామ్యం నిలవడమూ కూలడమూ ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానంలోనే ఉన్నవి. చరిత్ర ఇచ్చిన సమాధానం చూడండి. ఓడిన సంజీవరెడ్డి రాజకీయాల నుండి తొలగిపోలేదు. ఆ సంవత్సరమే రాజ్యసభకు వెళ్ళినారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయినారు. 1977లో రాష్ట్రపతి అయినారు. గెలిచిన నాగిరెడ్డి 1957లో అనంతపురం నుండి లోకసభకు కూడ ఎన్నికైనారు. ఒక ఎన్నికలో ఓడడం జీవితంలో ఓడడం కాదన్న పాఠం ఈ జిల్లా పిల్లలకు ఇంటి ముంగిటనే దొరికినది.

ఆ తరం పిల్లలు చూచినన్ని ఎన్నికలు అంత చిన్న వయసులో చూచినవారు అరుదు. ఆరేండ్ల వయసులో 1952 ఎన్నికలు చూచిన పిల్లవాడు తొమ్మిదేండ్లకు 1955 నాటి ఆంధ్రరాష్ట్ర మధ్యంతర ఎన్నికలు చూచినాడు. పదకొండేండ్లకు 1957 లోకసభ ఎన్నికలు, పదహారేండ్లకు 1962 ఎన్నికలు చూచినాడు. పదేండ్లలో నాలుగు పర్యాయాలు! 1962 నాటికి పెట్టెల వరుస పోయి, అన్ని గుర్తులూ ఒకే చీటీ మీద ముద్రించి ముద్ర వేయించే పద్ధతి వచ్చినది. మైసూరులో తయారైన చెరగని సిరా కూడ ఆ సంవత్సరమే వాడుకలోనికి వచ్చినది. పిల్లలకు ఆ సిరా ఎంతటి ఆకర్షణో చెప్పనక్కరలేదు. అమ్మ వేలి మీది నల్లని గీతను చూచి తమ వేళ్ళకు కలంసిరా పూసుకొని 'మేమూ ఓటు వేసినా'మని ఊరంతా తిరిగిన బాల్యం మనలో ఎందరికి లేదు!

చట్టం కూడ పసివారిని పూర్తిగా మరచిపోలేదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో పోలింగు కేంద్రంలోనికి ఎవరెవరు రావచ్చునో చెప్పే పట్టిక ఉన్నది. ఓటర్లు, అధికారులు, అభ్యర్థులు, వారి ఏజెంట్లు మొదలైనవారితో పాటు ఓటరు చంకనున్న బిడ్డకు కూడ అందులో స్థానమున్నది. ఓటు లేకుండా, ఉద్యోగం లేకుండా, ఏ పార్టీకీ చెందకుండా ఆ గదిలోనికి చంటిబిడ్డ ప్రవేశించగలదు. తల్లి రహస్యంగా వేసే ఓటుకు ఆ బిడ్డయే సాక్షి. ఆ సాక్షి నోరు విప్పదు గనుక రహస్యానికి భంగం లేదు!

ఇతర దేశాలలో పండితులు ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించినారు. అమెరికాలో డేవిడ్ ఈస్టన్, రాబర్ట్ హెస్ మొదలైనవారు 1960 ప్రాంతాలలో బడిపిల్లలను ప్రశ్నించి, పిల్లవాడు ప్రభుత్వాన్ని ముందు వ్యక్తి రూపంలో తెలుసుకొంటాడని కనుగొన్నారు. దేశాధ్యక్షుడు, వీధిలోని పోలీసు, ఈ ఇద్దరే అతనికి ప్రభుత్వం. శాసనసభ, న్యాయస్థానం తరువాతి సంగతి. న్యూహేవెన్ నగరపు పిల్లలను పరిశీలించిన ఫ్రెడ్ గ్రీన్‌స్టీన్ 1965లో ప్రకటించిన గ్రంథంలో మరొక సత్యం చెప్పినారు. తొమ్మిది పదేండ్ల పిల్లలలో సగానికి మించి తమది ఫలానా పార్టీ అని చెప్పగలిగినారు గాని, ఆ పార్టీకీ మరొక పార్టీకీ భేదమేమిటో చెప్పగలిగినవారు మిక్కిలి తక్కువ. ఆస్ట్రేలియాలో సిడ్నీ పిల్లలతో మాట్లాడిన కానెల్ 1971 నాటి గ్రంథంలో, చిన్నపిల్లలు రాజకీయ వార్తలను, కథలను కలగలుపుకొని ఒక లోకం కల్పించుకొంటారని, నాయకుల మధ్య పోరు ఉన్నదన్న సంగతి తరువాతనే గ్రహిస్తారని వివరించినారు.

ఈ మాటలు మన అనుభవానికి దూరమైనవి కావు. 1983లో తెలుగుదేశం పార్టీ సైకిలు గుర్తుతో అధికారంలోనికి వచ్చినది. 1985 నుండి మూడు పర్యాయాలు వరుసగా నందమూరి తారక రామారావు మన హిందూపురం నుండి శాసనసభకు ఎన్నికైనారు. వెండితెర మీద రాముడు, కృష్ణుడు అయిన ముఖమే గోడమీద ఓటు అడుగుతూంటే, పిల్లవానికి పురాణమేది, రాజకీయమేది? కానెల్ సిడ్నీలో వెదకి పట్టుకొన్న ఆ కలగాపులగపు లోకం మన పల్లెలలో వీథివీథిన కనబడేది.

ఇక ఇంటి పార్టీ సంగతి. దీనికి నా అనుభవమే ఒకటి చెప్పుతాను. 1989 నవంబరులో ఎన్నికలు జరిగినప్పుడు నేను ఈ జిల్లాలోని ఒక పల్లెలో మూడవ తరగతి చదువుకొంటున్నాను. మా ఇంటిది ఒక గుర్తు, ఎదురింటిది మరొక గుర్తు. ఎదురింటి పిల్లవాడు నాకు ప్రాణస్నేహితుడు. ఎన్నికలు పదిరోజులున్నవనగా మా ఇద్దరికీ మాటలు లేవు. ఎవరూ మాట్లాడవద్దని మాతో అనలేదు. పెద్దలు అరుగుల మీద కూర్చుండి 'మనవాళ్ళు', 'వాళ్ళవాళ్ళు' అనుకొనడం విన్నాము, అంతే చాలినది. బడిలో చింతపిక్కలతో ఓట్లాట ఆడినప్పుడు కూడ రెండు జట్లుగా చీలినాము. ఒకనాడు ఆట రాళ్ళు రువ్వుకొనేవరకు వచ్చినది. అతని నుదుట గాయమైనది. రాయి ఎవరు వేసినారన్నది ఇంతవరకు ఎవరికీ తెలియదు. నాకు తెలియును.

పోలింగు నాటి సాయంకాలం మా అవ్వ ఓటు వేసి వచ్చి జొన్నరొట్టెలు కాల్చినది. నాలుగు రొట్టెలు, చెనక్కాయల చట్నీ ఒక తట్టలో పెట్టి, ఎదురింటిలో ఇచ్చి రమ్మని నా చేతికిచ్చినది. నేను కదలలేదు. "వాళ్ళు మనవాళ్ళు కాదు గదా అవ్వా" అన్నాను. ఆమె నవ్వలేదు, కోపపడలేదు. "ఓటు ఒక దినం రా నాయనా. వాళ్ళ బావి కాడికి మనం నీళ్ళకు పోయేది దినామూ" అన్నది. ఆ మాటలోని రాజనీతి నాకప్పుడు తెలియలేదు గాని, ఎండాకాలంలో మా వీథికంతకూ నీరున్నది ఆ ఒక్క బావిలోనే అని తెలుసు. తట్ట తీసుకొని వెళ్ళినాను. అతడే వచ్చి తలుపు తీసినాడు. నుదుట పసుపు అద్ది గుడ్డ కట్టి ఉన్నది. "నేనే వేసినాను" అన్నాను. "తెలుసు" అన్నాడు. ఇద్దరమూ ఆ గడపలోనే కూర్చుండి ఒక రొట్టె పంచుకొన్నాము. అవ్వ ఆనాడు ఏ గుర్తుకు ఓటు వేసినదో ఎన్ని పర్యాయాలు అడిగినా చెప్పలేదు. చెప్పకుండానే వెళ్ళిపోయినది.

ఈ కథ చెప్పినది నా గొప్ప కోసం కాదు. మన సీమలో ముఠా కక్షలు ఎన్నో ఊళ్ళను చీల్చినవి, ఎన్నో ఇళ్ళలో దీపాలు ఆర్పినవి. ఆ కక్ష పెద్దవానికి ఒక్కనాటిలో పుట్టినది కాదు. 'మనవాళ్ళు, వాళ్ళవాళ్ళు' అన్న రెండు మాటలు పిల్లవాని చెవిన పడిననాడే దానికి విత్తనం పడినది. పార్టీల మధ్య భేదం తెలియకముందే పక్షం తెలుస్తున్నదని గ్రీన్‌స్టీన్ చెప్పిన దానికి మన ఊళ్ళలో పర్యవసానం ఇంకా తీవ్రమైనది. అక్కడ అది అభిమానం వరకే. ఇక్కడ ఒక్కొక్కప్పుడు రాయి వరకు, రాయిని మించిన దాని వరకు పోయినది.

మరొక విషయం. పిల్లలు వాగ్దానాన్ని వాగ్దానంగానే వింటారు. అనంతపురం దేశంలో మిక్కిలి తక్కువ వాన పడే ప్రాంతాలలో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. మొదటి ఎన్నికలు జరిగిన 1952లోనే రాయలసీమ కరవుతో అలమటించి, గంజికేంద్రాలు తెరవవలసి వచ్చినది. అప్పటి నుండి ఇక్కడ ఏ ఎన్నికలో ఏ పార్టీ మాట్లాడినా చివరకు మాట నీళ్ళ దగ్గరకే వచ్చేది. తుంగభద్ర ఎగువ కాలువ కొన్ని పొలాలు తడిపినది. హంద్రీ నీవా పథకం ద్వారా కృష్ణమ్మ జీడిపల్లి జలాశయం చేరడం 2012 నాటి మాట. పెద్దలకు ఐదేండ్లు ఒక ఎన్నిక నుండి మరొక ఎన్నికకు గల దూరం. ఆరేండ్ల పిల్లకు ఐదేండ్లంటే ఇంచుమించు ఆమె బ్రదికినంత కాలం. 'నీళ్ళు వస్తాయి' అన్న మాట విని బిందె పట్టుకొని ఎదురు చూచే ఆ పిల్లకు, అన్నవారు అబద్ధమాడినారో, ఆలస్యమైనదో, అడ్డమేమి వచ్చినదో ఎవరూ వివరించరు. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు కొండలలో పేద కుటుంబాల పిల్లలను 1968లో ప్రకటితమైన ఒక పరిశీలనలో ప్రశ్నించినప్పుడు, నగరపు పిల్లల వలె వారు దేశాధ్యక్షుని దయామయునిగా భావించలేదని తేలినది. పేదరికం పిల్లవాని నమ్మకాన్ని కూడ ముందుగానే తినివేస్తుంది. కరవు సీమలో ఉన్న మనం ఈ సంగతిని మరువరాదు.

పిల్లలను ప్రచారానికి వాడుకొనడం మరొక అపరాధం. కూలి ఇచ్చి జెండాలు పట్టించడం, బండ్లెక్కించి కేకలు వేయించడం ఎన్నో ఏండ్లుగా చూస్తూ వచ్చినాము. 2014లో బొంబాయి హైకోర్టు దీనిని తప్పుపట్టినది. 2024 ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం, ఊరేగింపులలోను, నినాదాలలోను, కరపత్రాల పంపకంలోను పిల్లలను ఏ రూపానా వాడరాదని పార్టీలకు కఠినంగా ఆదేశించినది. తల్లిదండ్రులతో పాటు నాయకుని సమీపాన బిడ్డ ఉండడం మాత్రం నిషిద్ధం కాదన్నది. ఈ భేదం చక్కనిది. పిల్లవాడు చూడవచ్చును, వినవచ్చును, అడగవచ్చును, పనిముట్టు కారాదు.

ఓటు వయసును 61వ రాజ్యాంగ సవరణ ఇరువదియొకటి నుండి పదునెనిమిదికి తగ్గించినది. 1989 ఎన్నికలలో అది మొదటిసారి అమలైనది. అనగా బాల్యానికీ ఓటుకూ నడుమ దూరం మూడేండ్లు తగ్గినది. బడి విడిచిన మరుసటి యేడే కొందరు ఓటర్లు అవుతున్నారు. అంతకు ముందు వారికి ఎన్నికల పాఠం చెప్పేదెవరు? బడిలో పౌరశాస్త్రం చెప్పుతారు. కాని పిల్లవాడు అసలు పాఠం నేర్చేది ఇంట్లో, అరుగు మీద, రేడియో చుట్టూ.

ఫలితాలు చెప్పే రాత్రి రేడియో చుట్టూ కూర్చున్న ఇంటిని తలచుకొనండి. ఒకనాడు పంచాయతీ రేడియో ముందు ఊరంతా అట్లు కూర్చునేది. పెద్దలు అంకెలు వింటారు. పిల్లలు పెద్దల ముఖాలు చూస్తారు. గెలిచినవారి పేరు వినగానే తండ్రి ఏమన్నాడు, ఓడినవారి పేరు వినగానే ఏమన్నాడు, ఇది వారికి జీవితాంతం గుర్తుంటుంది. కనుక ఇళ్ళలో రేడియో ఉన్నవారికి నా మనవి ఒక్కటే. ఫలితం విన్న రాత్రి ఓడినవారిని గురించి కూడ ఒక మంచిమాట పిల్లల ఎదుట చెప్పండి. మీరు ఓటు వేసినవారు ఏమేమి చేస్తామన్నారో పిల్లల చేతనే ఒక కాగితం మీద వ్రాయించి దాచిపెట్టండి. ఐదేండ్ల తరువాత ఆ కాగితం తీసి వారి చేతనే చదివించండి. అంతకు మించిన పౌరశాస్త్రం లేదు.

ఆ మరునాటి ఉదయం ఎదురింటి బావికి నీళ్ళకు వెళ్ళేటప్పుడు పిల్లలను కూడ వెంట తీసుకొని పోండి.